తడి గోనె కింద పచ్చదీపం

జనగామ స్టేషన్ రోడ్డులో రేడియో మెకానిక్ ఈశ్వరయ్య, 1986 మే నెలలో ఒక సోమవారం పగలు రెండు గంటలకు, చేతిలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని చచ్చిపోయాడు.

పోలీసులు కరెంటు షాక్ అని రాసుకున్నారు. అందులో అబద్ధం లేదు, చంపింది కరెంటే. ఆ కరెంటును ఐరన్ పిడిలోకి పంపిందెవరన్నది మాత్రం రాసుకోలేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈశ్వరయ్య చెక్కపీట ఎక్కకుండా, రబ్బరు చెప్పులు తొడక్కుండా టంకం వేసి ఎరగడు. ఆ రోజు పీట గోడకు ఆనించి ఉంది. చెప్పులు గడప బయట, పెళ్లికి వచ్చిన చుట్టం విడిచినంత పద్ధతిగా ఉన్నాయి. చచ్చిన మనిషి లేచి చెప్పులు సర్దుకోడు కదా.

సాయంత్రం నాలుగింటికి మార్కెట్ వెనక సందులో ఒక తలుపు తెరుచుకుంది. పైన ‘విత్తన పరీక్షా కేంద్రం’ అని బోర్డు. లోపల విత్తనాలు తప్ప అన్నీ ఉంటాయి. వైర్‌లెస్ సెట్, టేప్‌రికార్డర్, ఇనుప బీరువా, ఆ బీరువాకంటే గట్టిగా నోరు మూసుకునే చీఫ్ నర్సింగరావు.

వచ్చినవాడు అమర్‌సింగ్. ముప్పై నాలుగేళ్లు. కొత్తగూడ అడవి పక్క తండాలో పుట్టి, ఆర్మీ సిగ్నల్స్‌లో పదేళ్లు చేసి, ఇప్పుడు ఫైళ్లలో ఎస్-9గా బతుకుతున్నాడు. తండాలో ఉన్న తల్లి గంగాబాయికి తెలిసింది ఒక్కటే, కొడుకు మైకులు బాగుచేస్తాడని.

“కూసో. టైం లేదు,” అన్నాడు చీఫ్. “సరిహద్దు అవతలి ముఠా. ఫైల్ పేరు కోబాల్ట్. లీడర్‌ను అందరు ఇంజనీర్ సాబ్ అంటరు. అసలు పేరు మనకు తెల్వదు.”

“టార్గెట్?”

“శుక్రవారం భూపాలపల్లిల కొత్త బొగ్గుబాయి శంకుస్థాపన. ఢిల్లీ మంత్రి వస్తున్నడు. ఎనిమిది వేల జనం. స్టేజీకి అటొకటి ఇటొకటి స్పీకర్ కాలమ్‌లు, మనిషికంటె ఎత్తు. వాట్ల సగం స్పీకర్లు. సగం జిలెటిన్.”

“పేల్చేది ఎట్ల?”

“గది తెలిసినోడు ఈశ్వరయ్య. అందుకే చంపిండ్రు.”

అమర్‌సింగ్ ముందుకు వంగాడు. “కాలమ్‌లు ఇప్పుడే పట్టుకుంటె?”

“యాడ దాచిండ్రో తెల్వదు. ఆ రోజే నేరుగ వస్తయి. మీటింగ్ బంద్ పెడితే ఇంజనీర్ జిలెటిన్ తోటి మాయమైతడు. మల్ల ఏ జాతరల తేలుతడో నువ్వు చెప్తవా?” చీఫ్ గొంతు తగ్గించాడు. “అది పేలొద్దు. పేలదని వాళ్లకు తెల్వొద్దు. పేలే టైంకు ముఠావాళ్లంత స్టేజీకి దూరం జరుగుతరు. అట్ల నడిచిన ప్రతి మనిషిని మనోళ్లు పట్టుకుంటరు. ఒక్కడు మిగలొద్దు.”

“జనం యాడికెళ్లి వస్తున్నరు సార్?”

నర్సింగరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సినంత దుమ్ము వాటి మీద లేదు. “మంత్రి చేతుల మీద పోడు పట్టాలు ఇస్తరట. కొత్తగూడ తండాల కాడ లారీలు పెట్టిండ్రు. ముందు వరుస వాళ్లదే.”

తల్లి పోడు కొట్టుకున్న రెండెకరాల కాగితం కోసం ఎన్నేళ్లుగా తిరుగుతోందో అమర్‌సింగ్‌కు తెలుసు. లారీ ఎక్కే మొదటి మనిషి ఆమే. జీవితంలో చాలాసార్లు ప్రాణాపాయం చూసినవాడే, కానీ ఇంతగా భయపడింది అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున అతను ఈశ్వరయ్య ఇంటికి వెళ్లాడు. రేడియో బాగుకిచ్చిన గిరాకీలా వేషం. ఈశ్వరయ్య భార్య కమలమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

“ఇంజనీర్ సాబు డబ్బా నీదేనా బిడ్డా?” అని ఆమే అడిగింది.

అమర్‌సింగ్ తల ఊపాడు. ఊపినందుకు సిగ్గుపడ్డాడు కూడా.

ఆమె కొంగులోంచి ఒక పేపరు పొట్లం తీసింది. “ఆయన పోయిండు గని, గిరాకి సామాను ఇంట్ల ఉంచొద్దు. తీస్కో.”

ఆ పద్ధతి ఈశ్వరయ్యది. పెట్టెలోంచి పీకిన ప్రతి పాత పార్టునూ పేపర్లో చుట్టి, మీద ఏం మార్చాడో పెన్సిల్‌తో గీసి, గిరాకీకి వాపసు ఇచ్చేవాడు. కొత్తది నిజంగా వేశాడని నమ్మకం కోసం. బయటి దేశంలో శిక్షణ పొందిన ఇంజనీర్‌కు ఈ సంగతి తెలియదు. మనిషిని చంపి, డబ్బా తీసుకుని, అంతా తుడిచేశాననుకున్నాడు. పొట్లం ఒకటి ఉంటుందని అతనికి తట్టనే లేదు.

పొట్లం మీద ఇలా ఉంది: ‘తీసినవి ఆరు. ఇచ్చినవాట్ల మిగిలింది ఒకటి.’ కింద బొమ్మ.

అమర్‌సింగ్ ఆ బొమ్మను రైల్లో చదివాడు. అది యాక్టివ్ క్రాసోవర్. మైకులోంచి వచ్చే మాటను యాంప్లిఫయర్‌కు చేరకముందే రెండుగా చీల్చే డబ్బా. లావు గొంతు పెద్ద స్పీకర్‌కు, సన్న గొంతు హారన్‌కు. దారులు రెండే ఉండాలి. ఈ బొమ్మలో మూడో దారి ఉంది. అది ఏ స్పీకర్‌కూ పోవడం లేదు. ఇరుకైన ఫిల్టర్ ఒకటి దాటి, ఒక పచ్చదీపం దాటి, రిలేకు పోతోంది. సరిగ్గా ఐదువందల సైకిళ్ల స్వరం, అంటే సెకనుకు ఐదువందలసార్లు కంపించేది, మూడు సెకన్లు వినిపిస్తే దీపం పూర్తిగా వెలిగి రిలే కొడుతుంది, జిలెటిన్‌కు కరెంటు అందుతుంది. ఎన్ని గంటల ఉపన్యాసం పోసినా అది కదలదు.

ఐదువందల సైకిళ్ల దగ్గర నిలబడి అరిచేది ఏది? రైలు ఘన్‌పూర్ దాటేసరికి సమాధానం దొరికింది. మంత్రి మీట నొక్కగానే మోగాల్సింది బొగ్గుబాయి సైరన్. ఆ మోత స్టేజీ మైకులోంచి డబ్బాకు చేరుతుంది. జనం చప్పట్లు కొట్టేది కూడా అప్పుడే.

పొట్లంలో మిగిలిన ఆ ఒక్క పార్టును అతను వెలుతురుకు ఎత్తి చూశాడు. పాయింట్ జీరో వన్ పాలీస్టైరీన్ కెపాసిటర్. ఫిల్టర్ ఏ స్వరాన్ని పట్టాలో తేల్చేది దాని విలువే. విదేశీ సరుకు, నూటికి ఒక పాలు కూడా తేడా ఉండదు. వెండి రేకు చుట్ట మీద గాజులాంటి తొడుగు. ఎండకూ చలికీ చలించదు. ముఠా తన స్వరాన్ని అంత భద్రంగా దాచుకుంది.

బుధవారం మానుకోట. రికార్డుల్లో మహబూబాబాద్ అని రాసుకుంటారు. అక్కడి బజారులో వెంకట్రాజంది ఎలక్ట్రికల్ సామాను హోల్‌సేల్, పక్కనే సౌండ్ సర్వీస్. భూపాలపల్లి మీటింగ్‌కు మైకులు అతనివే. పాపం, తన మైకుల వెనక ఏముందో ఆ షావుకారికి తెలియదు. ఈశ్వరయ్య బదులు వరంగల్ నుంచి వచ్చిన మెకానిక్‌నని అమర్‌సింగ్ చెబితే, చల్లటి సోడా తెప్పించి మరీ కూర్చోబెట్టాడు.

దుకాణం ముందు అంగట్లో చింతపండు బుట్ట ముందు పెట్టుకుని గంగాబాయి కూర్చుని ఉంది. ఆ దుకాణానికి మైకులు బాగుచేయడానికి వచ్చిపోయే ఈశ్వరయ్యను ఆమె ఎరుగును, పోయిన సంగతి ఇంకా ఎరగదు. కొడుకును చూడగానే నోరారా నవ్వింది. వాళ్లు మాట్లాడుకునేది తండా భాష. దాన్ని ఇక్కడి తెలుగులో చెబితే ఇట్లా ఉంటుంది.

“శుక్రారం నువ్వు పోకు యాడీ,” అన్నాడు. యాడి అంటే అమ్మ.

“ఎందుకు పోవద్దు?”

“ఎండ బాగ కొడ్తది.”

“ఎండల పుట్టిన, ఎండల పోడు కొట్టిన. కాగితం ఇచ్చేనాడు నీడకు కూసోవాల్నా?” ఆమె గట్టిగానే అంది. “మంత్రి మైకుల నా పేరు సదువుతడట. గంగాబాయి అని. గది ఈ చెవులతోని ఇనాలె బిడ్డా.”

నిజం చెప్పడానికి వీల్లేదు. చెబితే తండా మొత్తం ఆగుతుంది, ముందు వరుస ఖాళీ అవుతుంది, ఇంజనీర్ మాయమవుతాడు. అతను తల్లి చేతిలోంచి రెండు చింతపండు రెక్కలు తీసుకుని నోట్లో వేసుకుని లేచాడు. పులుపు తెలియలేదు.

వెనకనుంచి సెంటు వాసన వచ్చింది. నల్ల కళ్లద్దాలు, నీలం నైలాన్ చీర, మాట వింటే మనిషి ఆగిపోయే గొంతు. పుష్పలత. సభల్లో వ్యాఖ్యాత. ఇంజనీర్‌కు సెక్రటరీ. ఏడాదిగా చీఫ్‌కు రహస్యాలు పంపేది కూడా ఆమే. చీఫ్ రహస్యాలు అటు పంపుతోందేమోనన్న అనుమానం ఫైల్లో ఎర్రసిరాతో రాసి ఉంది.

“ఈ రేడియోల వివిధ భారతి వస్తదా?” కోడ్.

“ఎండ తగ్గినంక అన్ని వస్తయి.” జవాబు.

“డబ్బా వెనక గోదాంల ఉన్నది. ఇంజనీర్ బంగళాల అన్నం తింటున్నడు. ఇరవై నిమిషాలు.”

గోదాంలో ఆమె తలుపు దగ్గర నిలబడింది. అమర్‌సింగ్ తువ్వాలు పరిచి పని మొదలుపెట్టాడు. చేతిలోని ట్రాన్సిస్టర్ రేడియో పాటలు పాడేది కాదు. వెనక మూత తీస్తే కెపాసిటర్లను కొలిచే మీటర్.

“తీగె ఒకటి తెంపితె అయిపోదా?” అంది పుష్పలత.

“శుక్రారం పొద్దుగాల టెస్ట్ చేస్తడు. పని చేయకపోతే ఇంకో ఉపాయం తీస్తడు. గది మనకు తెల్వదు. టెస్ట్‌ల పాస్ కావాలె. పదకొండింటికి ఫెయిల్ కావాలె.”

“ఒకే పార్టు రెండు పనులు చేస్తదా?”

“సరైంది ఏరితె చేస్తది.”

తువ్వాలు మీద నాలుగు రకాలు పెట్టుకున్నాడు. మైకాది వేడికి చలించదు, అంటే ఇంజనీర్ పక్షమే. ఎలక్ట్రోలైటిక్ విలువ మీద భరోసా లేదు, పొద్దుటి టెస్టులోనే పట్టిస్తుంది. ఆకుపచ్చ పాలియెస్టర్ విలువ వేడికి కొంచెం పెరుగుతుంది. అది పెరిగితే ఫిల్టర్ స్వరం కిందికి జారుతుంది. సైరన్ కింది నుంచి పైకి ఎక్కుతూ పోతుంది కాబట్టి దారిలో ఆ స్వరానికి తగులుకుంటుంది. అది ఇంకా ప్రమాదం.

చివరికి మిగిలింది గోధుమరంగు సిరామిక్ బిళ్ల. అన్నింటికంటే చవక రకం. ఈశ్వరయ్య బతికుంటే దాన్ని ఫిల్టర్‌లో వేసినవాడి చెవి మెలిపెట్టేవాడు. ఎండకు సగం విలువ పోగొట్టుకుంటుంది. విలువ పోతే ఫిల్టర్ స్వరం పైకి జరుగుతుంది. ఐదువందల దగ్గర ఆగే సైరన్ అక్కడిదాకా ఎక్కలేదు. చెడ్డ పార్టు అని అందరూ తోసేసేదే ఇప్పుడు అతనికి కావాలి.

మరొక చిక్కు. ఇప్పుడు గోదాంలో కాలుతోంది. టెస్ట్ జరిగేది తెల్లవారి చల్లపొద్దున. ఇక్కడి కొలత అక్కడ పనికిరాదు. మూలన ఉన్న నీళ్ల కుండకు బిళ్లలను ఒక్కొక్కటే ఆనించి, చల్లబడ్డాక కొలవసాగాడు. పదిహేడో బిళ్ల దగ్గర ముల్లు సరిగ్గా పాయింట్ జీరో వన్ మీద నిలిచింది.

కమలమ్మ ఇచ్చిన పొట్లంలోని ఒక్క పాలీస్టైరీన్ ముక్క అప్పుడు పనికొచ్చింది. సూది కాల్చి దాని లోపలిదంతా తోడేశాడు. వెండి రేకు, గాజు తొడుగు మిగిలాయి. బిళ్లను ఆ తొడుగులో దూర్చాడు. పైకి చూస్తే విదేశీ సరుకే. రెండు కెపాసిటర్లలో ఒకటి మారిస్తే చాలు. కెపాసిటర్ కాలును నోస్ ప్లయర్‌తో పట్టుకుని, వేడి పైకి ఎక్కకుండా, రెండు చుక్కల టంకం పెట్టాడు.

“పదకొండింటికి డబ్బా కాలిపోతుండాలె,” అన్నాడు మూత బిగిస్తూ. “చల్లగుంటే మనం లేం.”

“నన్ను నమ్ముతున్నవా?”

“లేదు.”

“మంచిది. ఇంజనీర్ కూడ నమ్మడు. అందుకే ఇంకా బతికున్న.” ఆమె కళ్లద్దాలు పెట్టుకుని వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున ఆరున్నర. భూపాలపల్లి మైదానంలో షామియానా స్టేజీ మీద మాత్రమే. డబ్బా, యాంప్లిఫయర్లు స్టేజీ కుడి పక్కన నేల మీద, ఆరుబయట. స్పీకర్ కాలమ్‌లు అప్పుడే లారీలో దిగాయి. నల్లగా, ఎత్తుగా, బోల్టులు బిగించిన వెనక రేకులతో. అమర్‌సింగ్ వాటి వైపు చూడకుండా ఉండటానికి తంటాలు పడ్డాడు.

ఇంజనీర్ వచ్చాడు. తెల్ల చొక్కా, సన్నని మీసం. తెలుగు రేడియో వార్తల్లో నేర్చుకున్నట్టుంది. “మీరేనా కొత్త మెకానిక్? చాలా సంతోషం. దయచేసి పక్కకు జరగండి.”

జేబు టేప్‌రికార్డర్ మైకు ముందు పెట్టాడు. సైరన్ మోగింది. డబ్బా మీద పచ్చదీపం వెలిగింది. ఒకటి. రెండు. మూడు. టిక్. లోపల రిలే కొట్టింది. ఇంజనీర్ మూత తీసి కెపాసిటర్ల వైపు ఒక చూపు చూశాడు. వెండి రేకు మెరిసింది. మూత పెట్టాడు. తానే స్వయంగా కాలమ్‌ల వైర్లు కలిపి సీల్ వేశాడు.

“సాయిలూ, ఈ డబ్బా నీ ప్రాణం అనుకో,” అని చెప్పి వెళ్లాడు.

సాయిలు వెంకట్రాజం దగ్గర ముసలి ఆపరేటర్. చెప్పిన మాట జవదాటని మనిషి. ఆ మాటే కొంప ముంచింది.

తొమ్మిదిన్నరకు లారీలు దిగాయి. అద్దాల రవికెలు, ఎర్రటి పేట్యా లంగాలు, వెండి నగలు ఎండలో మెరుస్తూ ముందు వరుస నిండింది. గంగాబాయి సరిగ్గా కుడి కాలమ్ కింద కూర్చుంది. అక్కడైతే మైకు బాగా వినిపిస్తుందట. పక్కన కాళి అనే తండా అమ్మాయి.

అమర్‌సింగ్ డబ్బా వైపు తిరిగాడు. డబ్బా మీద నీళ్లోడుతున్న తడి గోనెపట్టా కప్పి ఉంది.

వేసవిలో ఆ ప్రాంతపు మైకువాళ్లెవరైనా చేసే పనే అది. గంటగంటకూ నీళ్లు చల్లుతారు. తానూ ఆ మట్టిలోనే పుట్టి, ఆ పనే నేర్చి, ఎండలూ విలువలూ సైకిళ్లూ అన్నీ లెక్క కట్టి, ఈ గోనెను మర్చిపోయాడు. గోనె కింద డబ్బా చల్లపొద్దున ఉన్నట్టే ఉంది. సిరామిక్ బిళ్ల తన విలువ తాను బంగారంలా కాపాడుకుంటోంది.

“సాయిలన్నా, గోనె తియ్యే,” అన్నాడు మామూలు గొంతుతో.

“ఏంది, తియ్యాల్నా? అరవై తొమ్మిదిల ఉద్యమం మీటింగుల కాన్నుంచి ఏస్తున్న. తీస్తె మైకు గరగరమంటది.”

“జర తియ్యన్నా. తేమకు లోపల తుప్పు పడ్తది.”

“ఒక్కనాటికి తుప్పు పడ్తదా? నువ్వేం మెకానిక్‌వయ్యా?”

వెనకనుంచి మెత్తటి గొంతు. “ఎందుకు తీయమంటున్నారు?” ఇంజనీర్. నవ్వు లేదు. అమర్‌సింగ్ వైపు తలనుంచి కాళ్లదాకా చూశాడు. “సాయిలూ, ఇంకొన్ని నీళ్లు చల్లు. రాజమల్లూ, ఈయనను ఇక్కడే కూర్చోబెట్టు. సైరన్ అయ్యేవరకు డబ్బాను ముట్టుకోకూడదు.”

రాజమల్లు ముఠా నియమించుకున్న స్థానికుడు. ఛాతీ మీద వాలంటీర్ బ్యాడ్జి, తువ్వాలు కింద పిస్తోలు. దాని మూతి అమర్‌సింగ్ నడుముకు తగిలింది. ఇంజనీర్ మైదానం చివర, రెండువందల గజాల దూరంలో ఉన్న సైరన్ షెడ్డు వైపు నడిచాడు. మంత్రి మీట నొక్కితే షెడ్డులో బల్బు వెలుగుతుంది, అక్కడున్నవాడు స్విచ్ వేస్తాడు. ఆ మనిషి ఇంజనీరేనన్నమాట. ఇక్కడ ఏ గొడవ జరిగినా అక్కడినుంచి కనిపిస్తుంది. అరిస్తే మంత్రికోసం కూడా ఆగడు.

పది ముప్పై అయిదు. మంత్రి వచ్చాడు. దండలు మొదలయ్యాయి.

“రాజమల్లన్నా, నీకేం చెప్పిండు?” అన్నాడు అమర్‌సింగ్ పెదవులు కదపకుండా.

“మైకు బంద్ అయితదట. మంత్రి పరువు పోతదట. నోర్మూసుకొని కూసో.”

“నువ్వు ఈడనే ఉండాల్నా?”

“ఈడనే.”

అంటే ఇతన్ని కూడా వదిలేశారు. కాలమ్‌కు ఆరడుగుల దూరంలో కూర్చుని తన చావుకు తానే కాపలా కాస్తున్నాడు. చెబితే నమ్మడు. నమ్మితే పరిగెత్తుతాడు, షెడ్డులోంచి చూసినవాడు స్విచ్ వేస్తాడు.

పది నలభై. ముందు వరుసలో కాళి తల వాలిపోతోంది. మొహం ఎర్రబడి, పెదవులు ఎండి, గంగాబాయి భుజం మీదికి ఒరిగింది.

అమర్‌సింగ్ గొంతు పెంచి తండా భాషలో పలికాడు. “యాడీ, కాళికి వడదెబ్బ తగిలింది. ఈ డబ్బా మీది తడి గోనె తీసుకపోయి కప్పు. ఎవడు అడ్డమొచ్చినా ఆగకు.”

పిస్తోలు నడుములో గుచ్చుకుంది. “ఏమన్నవ్?”

“మా అవ్వ. నీళ్లు తాగినవా అని అడిగిన.”

గంగాబాయి లేచింది. కట్టిన తాడు కిందనుంచి దూరి నేరుగా వచ్చింది. రాజమల్లు చెయ్యి తువ్వాలు కింద బిగిసింది. ఎనిమిది వేల మంది ముందర, మంత్రి ఎదుట, ముసలమ్మను ఏం చేయగలడు? సాయిలు మాత్రం అడ్డం వచ్చాడు.

“అవ్వా, అవ్వా, డబ్బా ఖరాబైతది.”

“నీ డబ్బా ఎక్వనా, మా పోరి పానం ఎక్వనా?” ఇప్పుడామె మాట్లాడింది తెలుగే.

సాయిలు కాళి వైపు చూశాడు. చేతులు దించాడు. గోనె డబ్బా మీదనుంచి లేచి కాళి నెత్తి మీదికి వెళ్లింది. ఇనుప మూత మీద తడి ఆవిరై క్షణాల్లో మాయమైంది. కింద యాంప్లిఫయర్ల సెగ, మీద నలభై నాలుగు డిగ్రీల ఎండ.

అయినా ఇరవై నిమిషాలు కావాలి. మంత్రికి తొందరగా ఉంది. దండలు ఆపమని చెయ్యి ఊపి మీట వైపు లేచాడు. పది నలభై ఎనిమిది.

అమర్‌సింగ్ స్టేజీ వైపు తలెత్తాడు. మైకు ముందు పుష్పలత. ఆమె నల్ల కళ్లద్దాలు గోనె లేని డబ్బా వైపు తిరిగి ఉన్నాయి. ఆమె స్టేజీ దిగి రెండువందల గజాలు నడిస్తే బతుకుతుంది. ముఠావాళ్లు అప్పుడే ఒక్కొక్కరే దూరంగా నడుస్తున్నారు కూడా. ఆమె దిగలేదు. మైకు దగ్గరికి జరిగింది.

“మంత్రివర్యులు మీట నొక్కే ముందు, ఈ ప్రాంతపు పెద్దలు వారిని శాలువాతో సత్కరిస్తారు. మొదట మొగుళ్లపల్లి రైతు సంఘం తరఫున…”

ఒక శాలువా. తర్వాత ఇంకొకటి. ఎవరిని పిలుస్తోందో ఆ పిలిపించుకున్నవాళ్లకే ముందు తెలియదు. కానీ మైకులో పేరు వచ్చాక స్టేజీ ఎక్కని పెద్దమనిషి ఉంటాడా? శాలువాలు అయిపోతే ఉన్నవాటినే మళ్లీ కప్పించింది. మంత్రి నవ్వడం మానేశాడు. స్పీకర్లు గరగరమనడం మొదలైంది. సాయిలు తల పట్టుకున్నాడు. అమర్‌సింగ్‌కు ఆ గరగరకంటే తియ్యటి చప్పుడు పుట్టిన తర్వాత వినలేదనిపించింది.

పదకొండు గంటల ఆరు నిమిషాలు. మంత్రి మీట నొక్కాడు.

సైరన్ కిందినుంచి లేచింది. మూలుగులా మొదలై, ఎక్కి, ఎక్కి, ఐదువందల దగ్గర నిలబడి అరిచింది. పచ్చదీపం మసకగా వెలిగింది.

ఒకటి.

డబ్బా లోపల రిలే రేకు జుమ్మని వణికింది. రెండు. దీపం సగం దగ్గర ఆగింది. గంగాబాయి రెండు చేతులతో చెవులు మూసుకుని కాలమ్ వైపు తలెత్తి చూస్తోంది. అమర్‌సింగ్ తల్లినే చూస్తున్నాడు. మూడు.

రేకు అంటుకోలేదు.

నాలుగు. అయిదు. షెడ్డులో ఇంజనీర్ స్విచ్ వదలలేదు. నిమిషం గడిచింది. అతను పట్టుకున్నకొద్దీ డబ్బా ఇంకా కాలింది, దీపం ఇంకా మసకబారింది, చివరికి ఆరిపోయింది. సైరన్ ఒక్కసారిగా ఆగింది. షెడ్డు పక్కన పొద్దుటినుంచి పుచ్చకాయ ముక్కలమ్ముతున్న ముసలివాడు లోపలికి వెళ్లి స్విచ్ మీది ఇంజనీర్ చేతిని అలాగే పట్టుకున్నాడు. ఆ ముసలివాడు నర్సింగరావు. మైదానం అంచుకు నడిచిన ఏడుగురినీ మఫ్టీ మనుషులు మర్యాదగా జీపుల్లో ఎక్కించారు.

అమర్‌సింగ్ రాజమల్లు చేతిలోంచి పిస్తోలు తీసుకుని, డబ్బాలోని రిలే నుంచి కాలమ్‌లకు పోయే వైర్లు మొదటికంటా కత్తిరించాడు. తర్వాత కాలమ్ వెనక రేకు ఒకటి ఊడదీసి చూపించాడు. లోపలి వరసలు చూసి రాజమల్లు నేల మీద కూలబడ్డాడు.

పుష్పలత స్టేజీ దిగింది. కళ్లద్దాలు తీస్తే కళ్ల కింద చెమట, దానికి కాటుక కలిసి ఉంది.

“ఇప్పుడన్న నమ్ముతవా?” అంది.

“జర జర.”

సాయంత్రం కొత్తగూడ తండాలకు తిరిగిపోయే లారీ పక్కన గంగాబాయి చెట్టు నీడకు నిలబడింది. కాళి లేచి మజ్జిగ తాగుతోంది. గంగాబాయి చేతిలో పట్టా కాగితం. మడత నలగకుండా రెండు వేళ్లతో పట్టుకుంది. కొడుకు దగ్గరికి వస్తే కౌగిలించుకుంటుందనుకున్నాడు. మొహం ముడుచుకుని ఉంది.

“ఏమైంది యాడీ? కాగితం వచ్చింది కద.”

“వచ్చింది. గని మంత్రి నా పేరు సదివిండో లేదో. అంత గరగర. పక్కపొంటి ఆమె పొడిచి లేపితె పోయి తెచ్చుకున్న.” ఆమె నల్లటి కాలమ్ వైపు చెయ్యి చూపింది. “గా మైకు బాగు చేసింది ఎవడు?”

అమర్‌సింగ్ ఒప్పుకున్నాడు. “నేనే.”

గంగాబాయి కొడుకును పైనుంచి కిందిదాకా చూసి, నిట్టూర్చి, లారీ ఎక్కింది.

“కొన్నొద్దులు ఆ జనగామ ఈశ్వరయ్య కాడ కూసోని పని నేర్సుకో బిడ్డా,” అంది. “ఆయన చేస్తె గిట్ల కాకపోవు.”